అప్‌డేట్: ఎన్‌కర్సెస్ మెమరీ లీక్ దొరికింది

టెర్మినల్‌లో మెనూలు, విండోలు చూపించే ఎన్‌కర్సెస్ లైబ్రరీతో రాసిన నా ప్రోగ్రామ్‌లో, ఆ స్క్రీన్‌ని ముగించే ఎండ్‌విన్ ఫంక్షన్ పిలిచాక కూడా, మెమరీ లీకులు పట్టే టూల్ వాల్‌గ్రైండ్ మెమరీ మిగిలిందని చూపిస్తోందని మొన్న అడిగాను కదా, దాని సంగతి. సాయం చేసిన అందరికీ చాలా థాంక్సండీ.

వాల్‌గ్రైండ్ రిపోర్టులో ‘స్టిల్ రీచబుల్’ (వదలలేదు కానీ ప్రోగ్రామ్ ఇంకా చేరుకోగల మెమరీ) కింద ఉన్నది ఎన్‌కర్సెస్ తనకోసం ఉంచుకున్నదే. ఎండ్‌విన్ తర్వాత రిఫ్రెష్ పిలిస్తే స్క్రీన్ తిరిగి రావాలి కాబట్టి దాన్ని వదలదు. పరీక్ష కోసం లైబ్రరీని డిజేబుల్-లీక్స్ ఆప్షన్‌తో బిల్డ్ చేసి, చివర్లో ఎగ్జిట్ బదులు, ఆ ఉంచుకున్న మెమరీని కూడా వదిలేసి ప్రోగ్రామ్‌ని ముగించే ఎగ్జిట్_కర్సెస్ పిలిచాను. ఆ చెత్తంతా పోయింది.

‘డెఫినిట్లీ లాస్ట్’ (ఇక చేరుకోలేని, నిజంగా లీకైన మెమరీ) మాత్రం అలాగే ఉంది. అది నా తప్పే. మెనూని వదిలే ఫ్రీ_మెనూ కంటే ముందు, అందులోని ఐటమ్‌ని వదిలే ఫ్రీ_ఐటమ్ పిలుస్తున్నాను. ఐటమ్ ఇంకా మెనూకి కలిసే ఉంటుంది కదా, అందుకే ఫ్రీ_ఐటమ్ ఈ_కనెక్టెడ్ (ఇంకా కలిసే ఉంది) అని ఎర్రర్ ఇచ్చి, మెమరీ వదలకుండా ఊరుకుంటోంది. నేను రిటర్న్ విలువే చూడలేదు! వరుస మార్చాను. ఇప్పుడు సున్నా బైట్లు. రెండు వారాల టెన్షన్ తీరింది.