బుడమేరు వరద మ్యాప్‌లో సింగ్‌నగర్ వీధులు పొడిగా వస్తున్నాయి, ఏం చేయాలి?

2024 సెప్టెంబర్ వరదలో విజయవాడలో మునిగిన ప్రాంతాన్ని మ్యాప్ చేస్తున్నాను. అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది కాబట్టి అందరూ కృష్ణా నది గురించే మాట్లాడతారు. సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం బుడమేరు వాగు. నాకు కావాల్సింది అదే.

ఉపగ్రహ చిత్రాలను ఆన్‌లైన్‌లోనే విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో సెంటినెల్-1ఏ ఉపగ్రహం రాడార్ చిత్రాలు తీసుకున్నాను. వీవీ బ్యాండ్ (నిలువు ధ్రువణంలో పంపి, నిలువులోనే అందుకున్న సిగ్నల్), చిత్రంలో చుక్కల్లాంటి నాయిస్ తగ్గించే 7×7 స్పెకిల్ ఫిల్టర్ వాడాను. నునుపైన నీటి నుంచి సిగ్నల్ బలహీనంగా తిరిగొచ్చి నల్లగా కనిపిస్తుంది కాబట్టి, -16 డెసిబెల్ కంటే తక్కువైతే నీరు అని పెట్టాను. కొల్లేరు వైపు పొలాల్లో చక్కగా పట్టింది. రోజుల తరబడి నీళ్లు నిలిచిన సింగ్‌నగర్ వీధులు మాత్రం పొడిగానే కనిపిస్తున్నాయి. ఆ ఇళ్లలో జనం ఎంత అవస్థ పడ్డారో తెలిసి కూడా ఈ మ్యాప్ ఎవరికీ చూపించలేను.

పరిమితిని -14కి పెంచితే గన్నవరం రన్‌వే, వెడల్పాటి రోడ్లు కూడా నీరుగా వచ్చేశాయి. వీహెచ్ బ్యాండ్‌తోనూ (నిలువులో పంపి, అడ్డంలో అందుకున్నది) అంతే. వరదకు ముందు, తర్వాత చిత్రాల తేడా తీసినా లాభం లేదు. నీటి మీద, గోడ మీద రెండుసార్లు తగిలి సిగ్నల్ బలంగా తిరిగి రావడం వల్ల వీధులు నల్లబడకుండా తెల్లబడుతున్నాయని నా అనుమానం.

రెండు తేదీల రాడార్ సిగ్నల్ ఒకదానితో ఒకటి ఎంత పోలి ఉందో కొలిచే కోహెరెన్స్ పద్ధతి గురించి చదివాను. దానికి కావాల్సిన, సిగ్నల్ ఫేజ్ కూడా ఉండే ఎస్‌ఎల్‌సీ డేటా ఎర్త్ ఇంజిన్‌లో లేదు, విడిగా దించుకోవాలి. పైగా జంట ఉపగ్రహం సెంటినెల్-1బీ 2021 చివర్లో ఆగిపోయింది కాబట్టి ఆ వరద నాటికి చిత్రాల మధ్య 12 రోజుల తేడా ఉంది.

ఈ పని చేసినవాళ్లు చెప్పండి: వానాకాలంలో 12 రోజుల తేడా ఉన్న జతతో, ఇళ్ల మధ్య నిలిచిన నీటిని కోహెరెన్స్ తగ్గుదల ద్వారా నమ్మకంగా గుర్తించవచ్చా?