పర్సెప్షన్‌ని తెలుగులో ‘అవగాహన’ అనొచ్చా?

నమస్కారమండీ. డిగ్రీ మొదటి సంవత్సరంలో సైకాలజీ తీసుకున్నాను. పాఠం ఇంగ్లీషులో వింటాను, నోట్సు తెలుగులో రాసుకుంటాను. సెన్సేషన్‌కి ‘సంవేదన’ అని రాసుకున్నాను, ఇబ్బంది లేదు. పర్సెప్షన్, అంటే ఇంద్రియాలకు అందినదాన్ని మనసు ఫలానా అని గుర్తించడం, దాని దగ్గర ఆగిపోయాను. ‘అవగాహన’, ‘ప్రత్యక్షం’, ‘గ్రహణం’ మూడూ కనిపించాయి. ప్రత్యక్షం అంటే దేవుడు ప్రత్యక్షమైనట్టు వినిపిస్తోంది. అవగాహనే ఉంచేయనా?

వ్యాఖ్య (సైకాలజీ చెబుతుంటాను):
ఉంచకండి. మ్యూలర్-లయర్ బొమ్మ చూసే ఉంటారు, 1889 నాటిది. రెండు సమానమైన గీతలు. ఒకదాని కొసల్లో రెక్కలు లోపలికి ముడుచుకుని ఉంటాయి, రెండోదానికి బయటికి విచ్చుకుని ఉంటాయి. విచ్చుకున్నదే పొడుగ్గా కనిపిస్తుంది. స్కేలు పెట్టి కొలిస్తే రెండూ ఒకటే. అంటే మీకు అవగాహన వచ్చేసింది. అయినా ఆ గీత పొడుగ్గానే కనిపిస్తూ ఉంటుంది! అవగాహన వచ్చినా మారనిదాన్ని అవగాహన అని ఎలా అంటాం?

ప్రత్యక్షం పాత మాటే. న్యాయ దర్శనంలో (మన పాత తర్కశాస్త్రం, కోర్టుల న్యాయం కాదు) ఇంద్రియానికీ వస్తువుకీ సంబంధం కలిగినప్పుడు పుట్టే జ్ఞానం ప్రత్యక్షం. దేవుడు ప్రత్యక్షమవడం కూడా కంటికి కనబడటమే కదా, భయపడక్కర్లేదు.

వ్యాఖ్య (అనువాదాలు చేస్తాను):
ఒకే మాట అన్ని శాఖలకూ సరిపోవాలనడం దగ్గరే నాకు పేచీ. సోషల్ సైకాలజీలో పర్సన్ పర్సెప్షన్ ఉంది. 1946లో సోలమన్ ఆష్ అనే సైకాలజిస్టు ఒక మనిషి గుణాల జాబితా చదివి వినిపించాడు. అందులో ‘ఆప్యాయత గలవాడు’ అన్న ఒక్క మాట తీసి ‘ముభావి’ అన్న అర్థం వచ్చే మాట పెడితే, విన్నవాళ్ళకు ఆ మనిషి మీద ఏర్పడిన అభిప్రాయమే మారిపోయింది. అతన్ని ఎవరూ కళ్ళతో చూడలేదు. మీ న్యాయ దర్శనం ప్రకారమే అది ప్రత్యక్షం కాదు. నేనైతే ‘మనిషిని అంచనా కట్టడం’ అని రాస్తాను.

జవాబు (మొదటి వ్యాఖ్యాత):
అక్కడ అంచనా బాగుంది, ఒప్పుకున్నాను. డెవలప్‌మెంటల్‌లో మాత్రం ప్రత్యక్షమే కావాలి. గిబ్సన్, వాక్ అనే సైకాలజిస్టులు 1960లో ప్రచురించిన ప్రయోగంలో గాజు పలక కింద ఒక వైపు లోతు కనబడేలా పెట్టారు. ఆ వైపు నుంచి తల్లి పిలిచినా, పాకే పిల్లల్లో చాలామంది గాజు మీదికి వెళ్ళలేదు. దీన్ని ‘పిల్లలకు లోతు గురించి అవగాహన ఉంది’ అని రాస్తే, పడితే దెబ్బ తగులుతుందని వాళ్ళకు తెలుసన్నట్టు అర్థమవుతుంది. ప్రయోగం అంత దూరం పోలేదు, లోతు వాళ్ళ కంటికి ఆనుతోందని చెప్పింది, అంతే.

బయోలాజికల్‌లో ఇంకో చిక్కు. మెదడుకు దెబ్బ తగిలిన కొందరికి చూపు బాగానే ఉంటుంది, ముక్కూ కళ్ళూ కనిపిస్తాయి, ముఖం మాత్రం ఎవరిదో పోల్చుకోలేరు. గొంతు వినగానే చెప్పేస్తారు. అందుకని ‘చూడటం’ అని తేలిగ్గా రాసినా కుదరదు.

జవాబు (పోస్టు పెట్టినవారు):
మరి క్లినికల్‌లో? ఇల్యూజన్‌కీ హాలుసినేషన్‌కీ రెండింటికీ ‘భ్రాంతి’ అనే రాసుకున్నాను.

జవాబు (మొదటి వ్యాఖ్యాత):
విడదీయండి, పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే. తాడుని చూసి పాము అనుకుంటే అక్కడ తాడైనా ఉంది. అది ఇల్యూజన్, ‘భ్రమ’ అనుకోండి. ఎవరూ లేనిచోట గొంతు వినబడితే హాలుసినేషన్, దానికి ‘భ్రాంతి’ ఉంచుకోండి. ఒకసారి పెట్టుకున్నాక అటూ ఇటూ మార్చకండి. డెల్యూజన్‌ని మాత్రం ఈ గూట్లో పెట్టొద్దు. అది కంటికో చెవికో సంబంధించింది కాదు, ఎదురు సాక్ష్యం చూపించినా సడలని నమ్మకం.

జవాబు (పోస్టు పెట్టినవారు):
థ్యాంక్సండీ. అవగాహన కొట్టేసి ప్రత్యక్షం రాస్తున్నాను, సోషల్ యూనిట్లో మాత్రం అంచనా. స్టాటిస్టిక్స్‌కి ఇంకో పోస్టు పెడతాను. సిగ్నిఫికెన్స్ చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు (రెండో వ్యాఖ్యాత):
పెట్టండి. ఈలోపు సిగ్నిఫికెన్స్‌కి ‘ప్రాముఖ్యం’ అని మాత్రం రాసుకోకండి, అక్కడ దాని అర్థం ఫలితం కేవలం యాదృచ్ఛికంగా వచ్చింది కాకపోవచ్చని.