సడి చేయు మృత్యువా, సడి చేయని మృత్యువా?

శకటరేఫ: వెస్టిండీస్ క్రికెట్ ఫాస్ట్ బౌలర్ మైకేల్ హోల్డింగ్‌కు ఉన్న ‘విస్పరింగ్ డెత్’ అనే బిరుదును ఎవరో తెనిగించిన తీరు నలభై ఏళ్లుగా నా చెవిలో మెదులుతోంది. 1983 చివరలో వెస్టిండీస్ జట్టు మన దేశంలో ఆడుతున్నప్పుడు మా నాన్నగారు పత్రిక చూసి “అడుగుసడి చేయు మృత్యువు” అని పైకి చదివారు. అది “చేయు”నో “చేయని”నో ఎంత తలచుకున్నా తేలడం లేదు.

అరసున్న: “చేయని” అనే ఉండాలి. ఆయన పరుగెత్తి వస్తుంటే అడుగుల చప్పుడు వినబడక అంపైర్లు పెట్టిన పేరది. వినబడనివాడికి “చేయు” ఎలా పొసగుతుంది?

తాళపత్రం: అంపైర్ల మాట సరే గాని, మూలంలో ఉన్నది నిశ్శబ్దం కాదు, గుసగుస, అంటే వినీ వినబడనిది. మనకు గుసగుస నోటికే గాని కాలికి చెల్లదు కనుక అనువాదకుడు సడిని తెచ్చుకున్నాడు. చప్పుడు కన్నా సడి సన్ననిదని నా చెవి చెబుతుంది. కాబట్టి “చేయు”.

అరసున్న: సడికి నింద అనే అర్థమూ ఉంది, మరవకండి.

తాళపత్రం: ఆ అర్థమే తీసుకుంటే, 1980లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో అప్పీలు చెల్లలేదని స్టంపులను కాలితో తన్నిన నాడే ఆయనకు అడుగుసడి వచ్చినట్టు!

వలపలగిలక: వ్యతిరేక క్రియకున్న బలం చూడాలంటే గజేంద్రమోక్షంలో పోతన గారి “సిరికిం జెప్పడు” దగ్గరికి వెళ్లాలి. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు అంటూ హరి చేయనివాటిని వరుసగా చెబుతూనే ఆ పరుగును కళ్లకు కట్టాడు. నా ఓటు “చేయని”కే.

తాళపత్రం: పోలిక కుదరదండీ. హరిది ఒంటి మీద ధ్యాస లేని తత్తరపాటు; హోల్డింగ్‌ది అంత దూరం నుంచి వస్తూ ఎక్కడా తొందర కనిపించని పరుగు.

వలపలగిలక: అయితే “ఏ పరివారంబును జీరడు”, అంటే తన వాళ్లెవరినీ పిలవడు, అన్న మాట ఒక్కటే తీసుకోండి. 1976లో లండన్ ఓవల్‌లో, ఫాస్ట్ బౌలర్లకు ఏ సాయమూ అందని నిర్జీవమైన పిచ్‌పై, 149 పరుగులకు ఆయన తీసిన 14 వికెట్లలో 12 బౌల్డ్, ఎల్బీడబ్ల్యూలే. అంటే ఫీల్డర్ల చేతులతో పనే పడలేదు. పోతన గారు ఆ స్కోరుకార్డు చూసే రాశారా అనిపిస్తుంది నాకు.

అరసున్న: 1981లో బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్‌లో ఇంగ్లండ్ ఓపెనర్ బాయ్‌కాట్‌ను అయిదు బంతులు తిప్పలు పెట్టి ఆరో బంతికి స్టంపు లేపినప్పుడు సడి చేసింది జనం, ఆయన కాదు. “చేయని” అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

శకటరేఫ: ఇవన్నీ చదువుతుంటే ఇంకో అనుమానం వచ్చింది. ఆ 1983 భారత పర్యటనలో ఆయనకు 30 వికెట్లు దక్కిన సంగతి పక్కాగా గుర్తుంది గాని, నాన్నగారు చదివినది “మృత్యువు” కాదేమో, దానికే తద్భవమైన “మిత్తి” అయి ఉండవచ్చు.

వలపలగిలక: మా కరీంనగర్‌లో మిత్తి అంటే వడ్డీ అండీ. సడి చేయకుండా పెరిగేది అదే.