ఫెదరర్ ఆటలో అంత ఏముంది? నిజంగానే అడుగుతున్నా, తిట్టొద్దు

కొత్తగా_టెన్నిస్:
అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ట్రోలింగ్‌కి రాలేదు. నేను టెన్నిస్ చూడటం మొదలెట్టి రెండేళ్లే అవుతోంది, అల్కరాజ్ సిన్నర్ మ్యాచ్‌లతో పిచ్చి పట్టింది, అంతకుముందు మా ఇంట్లో క్రికెట్ తప్ప ఇంకోటి పెట్టనిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు మా ఆఫీసులో ఇద్దరు సీనియర్లున్నారు, లంచ్‌లో టెన్నిస్ మాటొస్తే చాలు "నువ్వు ఫెదరర్‌ని లైవ్‌లో చూడలేదుగా పాపం" అని నా మీద జాలి పడతారు. లెక్కలు చూస్తే జొకోవిచ్‌కి 24 గ్రాండ్‌స్లామ్‌లు, నాదల్‌కి 22, ఈయనకి 20. వాళ్లిద్దరితో ఆడిన మ్యాచ్‌లు లెక్కేసినా ఈయనే వెనక. మరి 2022లో రిటైరైపోయిన మనిషి గురించి ఇప్పటికీ కళ్లలో నీళ్లు పెట్టుకుని మాట్లాడతారేంటి? యూట్యూబ్‌లో హైలైట్స్ చూశా, బాగున్నాయి, కానీ హైలైట్స్‌లో ఎవరైనా బాగానే ఉంటారు కదా. ఎలిగెంట్ ఎలిగెంట్ అంటారు, ఆ ఎలిగెన్స్ ఎక్కడ చూడాలి, చేతిలోనా కాళ్లలోనా? తెలిసినవాళ్లు చెప్పండి. ఏ మ్యాచ్ ఫుల్‌గా చూడాలో కూడా చెప్తే పుణ్యం ఉంటుంది.

సెకండ్_సర్వ్:
తిట్టేదేముంది బ్రో, మంచి ప్రశ్నే. హైలైట్స్‌లో మనం బంతిని చూస్తాం, అక్కడే వచ్చింది చిక్కు. ఫెదరర్ ఆట చూడాలంటే బంతిని వదిలేసి మనిషిని చూడాలి. ఒక గేమ్ మొత్తం అవతలివాడి వంక చూడకు, ఇతని కాళ్లే చూడు. అవతలివాడు కొట్టే టైమ్‌కి ఒక చిన్న గెంతు ఉంటుంది, స్ప్లిట్ స్టెప్ అంటారు, అది అందరూ వేస్తారు, కానీ ఆ గెంతు నుంచి బంతి దగ్గరికి చేరేలోపు ఇతను వేసే చిన్న చిన్న అడుగులు చూడు, నాలుగో ఐదో, ఆఖరి అడుగు పడేసరికి మనిషి కుదురుగా నిలబడి ఉంటాడు. పరిగెత్తుకొచ్చినట్టే ఉండదు, బంతి ఇక్కడికే వస్తుందని తెలిసి ముందే వచ్చి కూర్చున్నట్టుంటుంది. మా వీధి చివర టిఫిన్ సెంటర్లో దోశ మాస్టారు ఒకాయన ఉన్నాడు, ఆదివారం పొద్దున ఇరవై మంది ప్లేట్లు పట్టుకుని మీద పడుతుంటారు, ఆయన మాత్రం పెనం మీద గరిటె తిప్పేటప్పుడు ఒక్క చుట్టు కూడా తొందరపడడు, అయినా మన దోశ మన టైమ్‌కి వచ్చేస్తుంది. ఇదీ అంతే.

తర్వాత తల. ఫోర్‌హ్యాండ్ (అరచేతి వైపు నుంచి కొట్టే షాట్) కొట్టగానే పాజ్ చెయ్యి. మామూలుగా ఎవరైనా బంతి ఎటు పోయిందా అని వెంటనే తలెత్తేస్తారు, ఇతని ముఖం మాత్రం బంతి తగిలిన చోటే ఉంటుంది, బంతి అప్పటికే నెట్ దాటి పోయుంటుంది. నేను వీకెండ్స్‌లో ఆడతా, ఆ ఒక్కటి కాపీ కొడదామని ఆరు నెలలు ట్రై చేశా, మెడ పట్టేసింది తప్ప రాలేదు 😅

ఇంకో సంగతి, ఇదంతా షో కాదు. బేస్‌లైన్, అంటే కోర్టు చివరి గీత, వదిలి వెనక్కి పోడు, బంతి పైకి లేస్తుండగానే కొట్టేస్తాడు, దాంతో అవతలివాడికి ఊపిరి తీసుకునే టైమ్ ఉండదు. సర్వీస్‌లో కూడా బంతి ఎగరేసేది ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, ఎటు కొడతాడో ఆఖరి దాకా తెలీదు. మనకి అందంగా కనపడుతోందే, నెట్‌కి అవతల నిలబడ్డోడికి అది నరకం. నన్నడిగితే ఎలిగెన్స్ అంటే ఇదే, ఎదుటివాడి టైమ్ దొంగిలించడం, అదీ జేబు కొట్టేసినట్టు తెలీకుండా.

ఈడెన్281:
ఇంత టెక్నికల్‌గా ఎందుకండీ, మన తెలుగువాళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. లక్ష్మణ్. ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని మణికట్టు తిప్పి మిడ్‌వికెట్‌కి పంపిస్తే బౌలర్ తన చెయ్యి వంక తనే చూసుకునేవాడు చూడండి, అదే. రెండూ 2001లోనే జరగడం నాకు ఇప్పటికీ తమాషాగా ఉంటుంది. మార్చిలో ఈడెన్‌లో లక్ష్మణ్ 281, జులైలో వింబుల్డన్ నాలుగో రౌండ్లో 19 ఏళ్ల కుర్రాడు ఫెదరర్ అప్పటి మొనగాడు సాంప్రాస్‌ని ఐదు సెట్లలో కొట్టాడు. సాంప్రాస్ అప్పటికి అక్కడ వరసగా 31 మ్యాచ్‌లు గెలిచి ఉన్నాడు. నేను సాంప్రాస్ పార్టీ, ఆ రోజు అన్నం సయించలేదు. రెండేళ్లకి అదే కుర్రాడు అదే కోర్టులో కప్పు ఎత్తాడు, అప్పటికి నేను పార్టీ మారిపోయా, సిగ్గులేదు.

లక్ష్మణ్‌కి కూడా అంకెల్లో ముందున్నవాళ్లు బోలెడు మంది ఉన్నారు. ఎవరైనా ఆయన గురించి మాట్లాడేటప్పుడు యావరేజ్ అడుగుతారా?

ఓరుగల్లు_టాప్‌స్పిన్:
నేను నాదల్ ఫ్యాన్‌ని, ఈ ముచ్చట్ల నాకేం పని అనుకున్నగని ఉండబట్టక రాస్తున్న. మీరంతా ఒక్కటే పాట, చెమట పట్టదు కష్టం కనపడదు అని. కష్టం కనపడకుంటెనే అందమా అన్నా? మా అమ్మ బురదల నడుం వంచి నాటేస్తుంటె చూసిన, పొద్దటి నుంచి పొద్దుమూకెదాక అదే లయ, ఒక్క మొక్క వంకర పోదు, చెమటలు కారుతనే ఉంటయ్. నాదల్ ఆట అసొంటిది. దాన్ని మాత్రం ఫైటింగ్ అంటరు, మీవోనిదే కళ అంటరు.

ఇగ 2008 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ సంగతి ఎవరు తియ్యరేంది? 6-1, 6-3, 6-0. మావోడు ఎడమచేత్తోని తిప్పి కొడితె బంతి మట్టి మీద పడి భుజం ఎత్తు లేస్తది, ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌తోని, అంటె చేతి వెనక దిక్కు నుంచి కొట్టే షాట్‌తోని, అంత ఎత్తున్న బంతిని ఏం జేస్తరు? ఏం జెయ్యలేదు. రోలాండ్ గారోస్‌ల, అదే ఫ్రెంచ్ ఓపెన్‌ల, ఆరుసార్లు ఎదురుపడితె ఆరుసార్లు మావోడే. అందం అక్కడ ఎటు పోయింది?

అయితె ఒకటి ఒప్పుకుంట. 2022 సెప్టెంబర్ 23, లండన్‌ల లేవర్ కప్, ఫెదరర్ ఆఖరి మ్యాచ్, ఇద్దరు జోడీగ డబుల్స్ ఆడిన్రు, ఓడిపోయిన్రు గూడ. అయిపోయినంక పక్కపక్కన కూసోని చెయ్యి పట్టుకోని మావోడే ఎక్కెక్కి ఏడ్సిండు. ఇగ నేనేం మాట్లాడాలె.

బెజవాడ_బ్యాక్‌హ్యాండ్:
ఓరుగల్లు తమ్ముడూ, నాటు సంగతి భలే చెప్పావ్, లైక్ కొట్టా. కానీ ఫెదరర్‌ది కష్టం లేని ఆట అని ఎవరన్నా నమ్మకు. ఆయనే ఒప్పుకోడు, 2024లో అమెరికాలో డార్ట్‌మౌత్ కాలేజీలో స్టూడెంట్స్‌తో మాట్లాడుతూ ఆ మాట ఉత్త అపోహ అన్నాడు. అక్కడే ఒక లెక్క చెప్పాడు, కెరీర్లో 1526 సింగిల్స్ మ్యాచ్‌లు ఆడి దాదాపు 80 శాతం గెలిచినవాడు, మొత్తం పాయింట్లలో గెలిచింది 54 శాతమే అంట. అంటే సగానికి దగ్గర పాయింట్లు పోగొట్టుకున్నవే! ఆ పోయిన పాయింట్ తర్వాత ఆయన ముఖం చూస్తే పోయినట్టు తెలీదు, అంతే తేడా. చిన్నప్పుడు ఇలా కాదంట, రాకెట్లు విసిరేసి కోర్టులో ఏడ్చే రకం. స్విట్జర్లాండ్‌లో వాళ్ల ఊరు బాసెల్‌లో ఆయన్ని తీర్చిదిద్దిన కోచ్ పీటర్ కార్టర్, ఆస్ట్రేలియా ఆయన, 2002 ఆగస్టులో సౌతాఫ్రికాలో కారు యాక్సిడెంట్‌లో పోయాడు. మరుసటి ఏడాదే మొదటి వింబుల్డన్. ఇప్పటికీ కార్టర్ పేరెత్తితే ఆయన గొంతు పూడుకుపోతుంది, వీడియోలున్నాయి చూడండి.

ఇక బ్యాక్‌హ్యాండ్. ఇది నా సొంత గాయం కాబట్టి కాస్త పెద్దగా రాస్తా, భరించండి. నేను పన్నెండేళ్లప్పుడు మట్టి కోర్టులో నేర్చుకునేవాణ్ణి, మా కోచ్ సార్ రెండు చేతులు పెట్టరా అంటే వినేవాణ్ణి కాదు, ఫెదరర్ లాగా ఒంటిచేత్తో కొట్టి, కొట్టాక ఎడమ చెయ్యి వెనక్కి రెక్కలాగా చాపేవాణ్ణి. బంతి ఎక్కడ పడిందన్నది నాకు అనవసరం, రెక్క సరిగ్గా విచ్చుకుందా లేదా అంతే. ఫెన్స్ అవతల సైకిల్ స్టాండ్‌లో పడేవి సగం. సార్ ఒకరోజు విసిగిపోయి "నీకు పాయింట్ కావాలా ఫోటో కావాలా" అని అడిగారు. నేను నిజాయితీగా ఫోటో అన్నా 😂 జిల్లా టోర్నీలో మొదటి రౌండ్లో పోయా, ఎదుటి పిల్లాడు అన్నీ భుజం ఎత్తుకే వేశాడు, నాదల్ పాఠం వాడు చదివొచ్చాడు, నేను చదవలేదు.

అందుకే నాకు 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ అంటే ప్రాణం. అంతకు ముందు సంవత్సరం పిల్లలకి స్నానానికి నీళ్లు పడుతుంటే మోకాలు కలుక్కుమని ఆపరేషన్ దాకా పోయింది, వింబుల్డన్ తర్వాత ఆర్నెల్లు ఆటే లేదు, 35 ఏళ్లు, 17వ సీడ్ (టోర్నీ ర్యాంకుల్లో పదిహేడో వాడు). ఎదురుగా అదే నాదల్. ఐదో సెట్లో 1-3 వెనక. అక్కణ్ణుంచి వరసగా ఐదు గేములు! భుజం ఎత్తుకి లేచే ఆ బంతినే వెనక్కి తగ్గకుండా ముందుకొచ్చి లేస్తుండగానే చదునుగా బాదేశాడు, స్లైస్ చేసి, అంటే బంతిని కోసినట్టు నెమ్మదిగా పంపి, బతికిపోదాం అనుకోలేదు. రాకెట్ కూడా 90 చదరపు అంగుళాల నుంచి 97కి పెంచుకున్నాడు 2014లోనే, దాని పుణ్యం కొంత ఉంది. పదేళ్లకి పైగా తనని ఏడిపించిన షాట్‌కి 35 ఏళ్లప్పుడు జవాబు కనుక్కున్నాడు. ఆ ఏడాది నాదల్‌తో నాలుగు ఆడితే నాలుగూ గెలిచాడు. కొత్తగా_టెన్నిస్ గారూ, మీరు చూడాల్సింది ఇదే.

జెర్సీ_గుంటూరోడు:
నేను న్యూజెర్సీలో ఉంటా, ఒక్కసారి లైవ్‌లో చూశా, 2019 యూఎస్ ఓపెన్ మొదటి రౌండ్. నిజం చెప్పాలంటే మేం వెళ్లింది సుమిత్ నాగల్ కోసం, జెండా కూడా పట్టుకెళ్లాం. నాగల్ మొదటి సెట్ 6-4 కొట్టేశాడు! మా వరసలో ఉన్న దేశీలందరం గొంతులు పోయేలా అరిచాం. తర్వాత ఫెదరర్ 6-1, 6-2, 6-4. ఎప్పుడు మొదలైందో తెలీదు గానీ మూడో సెట్‌కి జెండా ఒళ్లో పెట్టుకుని నోరు తెరుచుకుని కూర్చున్నాం. మా సీట్లు బాగా పైన, బంతి సరిగ్గా కనపడదు, అయినా మనిషి ఎక్కడికి కదులుతున్నాడో తెలిసిపోతుంది, టీవీలో కెమెరా ఎప్పుడూ ఒక పక్క నుంచే కాబట్టి కోర్టు ఎంత వెడల్పో మనకి అర్థం కాదు, పైనుంచి చూస్తే ఇంత దూరం ఇంత నెమ్మదిగా ఎలా వెళ్లిపోయాడు ఈయన అనిపిస్తుంది. టికెట్ డబ్బులు తలుచుకుని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది, అది వేరే సంగతి.

అన్నట్టు 2009 యూఎస్ ఓపెన్ సెమీస్‌లో జొకోవిచ్ మీద కాళ్ల మధ్య నుంచి కొట్టిన షాట్ ఎవరూ రాయలేదే? తల మీదుగా లాబ్ వేస్తే వెనక్కి పరిగెత్తి, నెట్‌కి వీపు పెట్టి, కాళ్ల సందులోంచి. నెట్ దగ్గరున్న జొకోవిచ్ పక్కనుంచే పోయింది. ఆ పాయింట్‌తో 0-40, అంటే ఇంకొక్క పాయింట్ వస్తే మ్యాచ్ ఈయనదే, మరుసటి పాయింట్‌కి మ్యాచ్ అయిపోయింది. కొట్టాక ఈయనే నమ్మలేనట్టు చేతులెత్తాడు.

సెకండ్_సర్వ్:
ఆ షాట్ కావాలనే రాయలేదు అన్నా, హైలైట్స్ సరుకు అది. కొత్తవాళ్లు దాంతో మొదలెడితే సర్కస్ అనుకుంటారు.

కరెంట్_పోయింది:
2019 వింబుల్డన్ ఫైనల్ మాట ఎవరూ ఎత్తడం లేదు, నాకు అర్థమైంది ఎందుకో. అయినా చెప్తా. జులై 14, ఆదివారం. ఆ రోజే లార్డ్స్‌లో క్రికెట్ వరల్డ్‌కప్ ఫైనల్ కూడా, మనం సెమీస్‌లోనే పోయాం, అయినా మా నాన్నకి అదే కావాలి. ఇంట్లో టీవీ ఒక్కటే. ఓవర్ మధ్యలో టెన్నిస్, గేమ్ మధ్యలో క్రికెట్, రిమోట్ మా ఇద్దరి మధ్య నలిగిపోయింది. ఐదో సెట్ 8-7, 40-15, ఫెదరర్ సర్వీస్, రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, ఒక్కటి గెలిచినా కప్పు ఆయనదే. 38కి నెల తక్కువ ఆయనకి. నాన్న కూడా ఆ రెండు నిమిషాలు రిమోట్ అడగలేదు. మొదటిది ఫోర్‌హ్యాండ్ బయటికి పోయింది. రెండోదానికి నెట్ మీదకి వచ్చాడు, జొకోవిచ్ క్రాస్‌కోర్ట్ కొట్టి దాటించేశాడు. నాన్న ఏమీ అనకుండా రిమోట్ తీసుకుని క్రికెట్ పెట్టాడు, నేనూ ఆపలేదు. అక్కడ కూడా చివరికి సూపర్ ఓవర్ దాకా పోయింది!

చివరికి 13-12తో పోయింది, 4 గంటల 57 నిమిషాలు. మొత్తం పాయింట్లు ఫెదరర్‌వి 218, జొకోవిచ్‌వి 204. పద్నాలుగు పాయింట్లు ఎక్కువ గెలిచి మ్యాచ్ ఓడిపోయాడు. జొకోవిచ్ గొప్పతనం అది, మూడు టైబ్రేకులూ (సెట్ సమమైతే తేల్చే గేమ్) వాడివే, ఒప్పుకోక చస్తామా. కానీ మర్నాడు ఆఫీసులో ఎవరో స్కోర్ ఎంత అని అడిగితే లేచి టీకి వెళ్లిపోయా.

కొత్తగా_టెన్నిస్:
అందరికీ థాంక్స్, ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు. నిన్న రాత్రి 2017 ఫైనల్ పెట్టా, ఐదో సెట్ రెండుసార్లు చూశా. సెకండ్_సర్వ్ అన్న చెప్పినట్టు మొదట కాళ్లే చూద్దామనుకున్నా గానీ ఓ పది నిమిషాలకి మర్చిపోయి బంతి వెంటే పడ్డా. 4-3 దగ్గర 26 షాట్ల ర్యాలీ ఒకటుంది, ఆఖర్న ఫోర్‌హ్యాండ్ లైన్ వెంబడి కొట్టాడు, అక్కడ పాజ్ చేశా. నిజమే, తల ఇంకా కిందకే ఉంది! స్టేడియం అంతా లేచి నిలబడుతోంది, ఈయన మాత్రం బంతి తగిలిన చోటే చూస్తున్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూశా, మా రూమ్మేట్ లైట్ ఆపెయ్‌రా బాబూ అని అరిచే దాకా.

నాదల్ మాత్రం ఓడిపోయాక ఆ స్పీచ్ ఏం ఇచ్చాడండీ, ఓరుగల్లు అన్నా, మీవాడు కూడా బంగారమే.

ఇప్పుడు 2008 వింబుల్డన్ చూడనా, 2019 చూడనా?

ఓరుగల్లు_టాప్‌స్పిన్:
2008 చూడు తమ్మీ. గెలిచింది మావోడే గని రెండు సెట్లు పోయినంక మీవోడు లేచి వచ్చిన తీరు చూడాలె, ఐదో సెట్ 9-7. లండన్‌ల చీకటి పడ్డది, మనకి రాత్రి పావు తక్కువ రెండైంది. తెల్లారి నాకు ఇంటర్నల్ ఎగ్జామ్ ఉండె.

కరెంట్_పోయింది:
2019 మాత్రం పని రోజు ముందు చూడకు. శుక్రవారం రాత్రి పెట్టుకో.