మాంటిపోరా పగడాన్ని న్యూడిబ్రాంక్‌లు తినేస్తున్నాయి, మిగిలిన భాగం కోలుకుంటుందా?

ప్రశ్న (డల్లాస్ నుంచి):

నమస్కారం. మా ఇంట్లో 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ఉంది. అందులో అరచేతికన్నా వెడల్పుగా, పళ్లెంలా పెరిగిన ఎర్రటి మాంటిపోరా క్యాప్రికోర్నిస్ పగడాన్ని మూడేళ్లుగా పెంచుతున్నాను. రెండు నెలల క్రితం కొన్న ఒక చిన్న పగడపు ముక్కను డిప్ చేయకుండానే, అంటే పురుగులు రాలే మందునీటిలో ముంచకుండానే, ట్యాంకులో పెట్టాను. ఆ తొందరపాటు నాదే. కొన్ని వారాలకు పాత పగడం అడుగు అంచు తెల్లబడటం మొదలైంది. నిన్న రాత్రి దీపాలు ఆరిన తరువాత టార్చితో పళ్లెం కింద చూస్తే, నూక గింజంత తెల్లటి పురుగులు, ఒంటినిండా మెత్తటి వేళ్లలాంటి పోగులతో, సరిగ్గా తెలుపూ ఎరుపూ కలిసే గీత మీదే కూర్చుని ఉన్నాయి. మూడో వంతు కండ ఇప్పటికే పోయింది. రెడ్ బగ్స్ అనే పగడపు పురుగులకు వాడే మిల్బెమైసిన్ మందు వేయవచ్చా? త్వరగా కోలుకోవడానికి ఆల్కలినిటీని (నీటిలోని కార్బనేట్ల మోతాదును) 7.8 dKH నుంచి 10కి పెంచి, అమైనో ఆమ్లాలు కూడా ఇవ్వమంటారా?

జవాబు 1:

మీరు చూసినవి మాంటిపోరాను తినే న్యూడిబ్రాంక్‌లే అనిపిస్తోంది. అక్వేరియం వ్యాపారంలో చాలా కాలంగా బెడదగా ఉన్న ఈ జీవికి 2020లో ఫెస్టిల్లా సబోడియోసా అని శాస్త్రీయంగా పేరు పెట్టారు. ఇది చిప్ప లేని నత్త, అంటే మొలస్కు. రెడ్ బగ్స్ మాత్రం రొయ్యలూ పీతలూ ఉన్న క్రస్టేషియన్ల కుటుంబానివి. కాబట్టి మిల్బెమైసిన్ వేస్తే మీ రొయ్యలూ పీతలూ చస్తాయి తప్ప ఈ నత్తలకు ఏమీ కాదు. దయచేసి వేయకండి.

అసలు చిక్కు గుడ్లతో వస్తుంది. డిప్‌లో పెద్దవి రాలిపోతాయి కానీ గుడ్లు చావవు. అందుకే ఒక్కసారి డిప్ చేసి ఊరుకున్నవాళ్ల ట్యాంకులో పదిహేను రోజులకల్లా మళ్లీ అవే కనిపిస్తాయి. పళ్లెం అడుగున కండ పోయిన చోట తెల్లటి చిన్న గుత్తులు కనిపిస్తే, పగడాన్ని ట్యాంకు బయటకు తీసి పాత టూత్‌బ్రష్‌తో గీకేయండి. పూర్తిగా చచ్చిన అంచును కటర్‌తో విరిచి పారేయడం ఇంకా మంచిది. ఆ తరువాత అయిదారు రోజులకొకసారి చొప్పున కనీసం అయిదు వారాలు డిప్ చేయాలి, ఎందుకంటే కొత్తగా పొదిగిన పిల్లలు పెరిగి తిరిగి గుడ్లు పెట్టేలోపే వాటిని పట్టుకోవాలి. జబ్బుపడిన ఒక్కదాన్నే కాకుండా ట్యాంకులో ఉన్న ప్రతి మాంటిపోరానూ ఇలాగే చూడాలి. రాయికి అంటుకుపోయి బయటకు రానివి ఉంటే, వాటిని చెక్కి తీసేయడానికి మనసు గట్టి చేసుకోండి.

కోలుకోవడం గురించి నా అభిప్రాయం కాస్త గట్టిగానే చెబుతాను: ఆల్కలినిటీని పెంచకండి. 7.8 చక్కటి విలువ. అది రోజు రోజుకూ కదలకుండా ఉండటమే ఆ పగడానికి మీరు చేయగల మేలు. కండ తగ్గిన పగడంలో ఆహారం తయారుచేసే శైవలాలు కూడా తగ్గి ఉంటాయి. అలాంటి సమయంలో ఆల్కలినిటీ ఒక్కసారిగా పెరిగితే, ఉన్న అంచు కూడా ఊడిపోవడం నా ట్యాంకులోనే రెండుసార్లు చూశాను. నైట్రేట్ 5 పీపీఎం దగ్గర, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంచండి, సున్నాకు దించవద్దు. అమైనో ఆమ్లాల అవసరం ఇప్పుడు లేదు, పైగా అవి తెల్లటి భాగం మీద నాచును పెంచవచ్చు. నాచు పట్టని సున్నపు పొర మీదకు సజీవమైన కండ మళ్లీ పాకుతుంది. నాచు ముందుగా పట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి నీటి ప్రవాహం ఆ తెల్లటి చోటికి బాగా తగిలేలా పంపును తిప్పండి.

జవాబు 2 (హైదరాబాద్ నుంచి):

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. భారతదేశంలో రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున నా దగ్గర మాంటిపోరా లేదు, రాతి అస్థిపంజరం లేని జోయాంథిడ్‌లు మాత్రమే ఉన్నాయి. వాటిని తినే న్యూడిబ్రాంక్‌లతో మూడు నెలలు పోరాడాను. తిన్న జోయాంథిడ్ రంగే ఆ న్యూడిబ్రాంక్‌లకూ వస్తుంది కనుక కంటికి దొరకవు. డిప్ చేసే గిన్నెను ముదురు రంగుది తీసుకోండి. మీ తెల్లటి నత్తలు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. పెద్ద సిరంజితో పళ్లెం అడుగున నీళ్లు చిమ్మి, రాలినవి ఎన్నో ప్రతిసారీ రాసుకోండి. ఆ లెక్క లేకుండా ఎప్పుడు ఆపాలో తెలియదు. ఆరు గీతల రాస్, పసుపు కోరిస్ రాస్ చేపలు కొన్నింటిని తింటాయి కానీ, పళ్లెం అడుగున దాక్కున్నవి వాటికి అందవు, చేపనే నమ్ముకోవద్దు.

ప్రశ్న అడిగినవారు, ఏడు వారాల తరువాత:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆల్కలినిటీని ముట్టుకోలేదు. మొదటి డిప్‌లో 14 రాలాయి, తరువాత 6, తరువాత 3. చివరి మూడు డిప్‌లలో ఒక్కటీ లేదు. అడుగు అంచును రెండు వేళ్ల వెడల్పున విరిచేశాను. విరిచిన చోట నిన్న లెన్సు పెట్టి చూస్తే, తెల్లటి సున్నం మీదకు సన్నని లేత గులాబీ పొర దారమంత మేర పాకి ఉంది. ఇంకో రెండు వారాలు డిప్‌లు కొనసాగిస్తాను.