మేనేజర్ కోపం వెనక ఉన్నది భయమేనా? అయితే మాత్రం సరిపెట్టుకోవాలా?

కొత్తలీడ్

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. టీమ్ లీడ్ అయి ఏడు నెలలైంది. మొన్న సోమవారం పొద్దున కాల్‌లో మా టీమ్‌లో అందరికన్నా చిన్నవాడు, చేరి ఏడాది కూడా కాలేదు, "మేడమ్, కొత్త టూల్‌లో ఈ సెట్టింగ్ ఎందుకు పెట్టాం?" అని అడిగాడు. "డాక్యుమెంట్ చదవకుండా మీటింగ్‌కు ఎందుకు వస్తావ్?" అన్నాను. పదకొండు మంది వింటున్నారు. "సారీ మేడమ్" అని మైక్ ఆఫ్ చేసుకున్నాడు. ఆ వారమంతా మళ్ళీ నోరు తెరవలేదు.

అసలు సంగతి, ఆ సెట్టింగ్ ఎందుకు పెట్టామో నాకూ తెలియదు. ఆ టూల్ వచ్చి రెండు నెలలైంది. నేను ఇంకా సరిగ్గా నేర్చుకోలేదు. ఎక్కడ బయటపడుతుందోనని గుండె దడ. ఆ దడే నోట్లోంచి కోపంగా వచ్చింది.

చిన్నప్పుడు మా తాతయ్య మేకపోతు గాంభీర్యం కథ చెప్పేవారు. వానకు గుహలోకి దూరిన మేకపోతు, సింహం ఎదురయ్యేసరికి పారిపోయే దారి లేక గడ్డం ఊపి, కళ్ళెర్రజేసి, సింహాలను తినే వ్రతంలో ఉన్నానని గద్దిస్తుంది. సింహం హడలిపోతుంది. ఆ కథ విని నవ్వేవాళ్ళం. కానీ గుహలో ఉన్నంతసేపూ ఆ మేకపోతు కాళ్ళు వణుకుతూనే ఉంటాయని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆఫీసుల్లో మనం కఠినత్వం అనుకునేదాంట్లో చాలాభాగం భయమేనని నాకనిపిస్తోంది. ప్రతి మెయిల్‌లో తనను కాపీలో పెట్టమనడం, రాత్రి పదకొండింటికి "స్టేటస్ ఏంటి?" అని మెసేజ్ పెట్టడం, టీమ్‌లో బాగా తెలిసినవాణ్ణి క్లయింట్ కాల్‌కు రానివ్వకపోవడం, ఇవన్నీ. ఇది తెలిస్తే మీ పైవాళ్ళను చూసే తీరు మారుతుందా? మారాలా?

గోదావరిగట్టు

నిజం ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటాను. వాదనతో మాత్రం ఏకీభవించను.

అదే ప్రశ్న మీ పైనున్న డెలివరీ మేనేజర్ అడిగి ఉంటే "కనుక్కుని చెప్తాను సార్" అనేవారు. భయం అక్కడా ఇక్కడా ఒకటే, మాటే మారింది. ఒకచోట విసుక్కున్నా ఏమీ కాదు, ఇంకోచోట విసుక్కుంటే ఉద్యోగానికే ముప్పు. అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటాం. దుత్త తిరగబడదు గనకే దాని మీద చూపిస్తారు.

నేను పదహారేళ్ళు మందుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్‌లో పనిచేశాను. ఆడిట్ వారం వచ్చిందంటే మా ప్లాంట్ హెడ్ షిఫ్టు కెమిస్టులను ఆపరేటర్ల ముందే బండబూతులు తిట్టేవాడు. బ్యాచ్ రికార్డులో కొట్టివేత కనిపిస్తే ఆ కాగితం ముఖాన విసిరేవాడు. అదే మనిషి ఆడిటర్ల ముందు వెన్నముద్దలా మెత్తగా ఉండేవాడు. భయంతో మనిషి వశం తప్పితే అందరి ముందూ తప్పాలి కదా?

"పాపం, భయపడుతున్నాడు" అనగానే తిట్టినవాడు బాధితుడైపోతాడు. తిట్లు తిన్నవాడు ఆ తిట్లతోపాటు, అర్థం చేసుకునే బరువు కూడా మొయ్యాలి. అది అన్యాయం.

రిటైర్డ్‌బ్యాంకరు

అమ్మా కొత్తలీడ్ గారూ, నేను మీ పక్షం. 34 ఏళ్ళు బ్యాంకులో చేశాను, చివరి ఎనిమిదేళ్ళు ఒకే బ్రాంచికి మేనేజర్ని. నన్ను నడిపించింది భయమే. కానీ అప్పట్లో ఆ మాట ఎవరైనా అని ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. క్రమశిక్షణ అనేవాణ్ణి.

కంతు బకాయి 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీల్లోకి పోతుంది. మార్చి నెల వచ్చిందంటే రోజూ సాయంత్రం ఆరింటికి జోనల్ ఆఫీసు నుంచి ఫోన్. పక్క బ్రాంచివాళ్ళ వసూళ్ళ అంకె ముందు చెప్పి, తర్వాత మాది అడిగేవారు.

ఒక ఏడాది మా ఫీల్డాఫీసరు, మేం అప్పిచ్చిన రైసుమిల్లు స్టాకు తనిఖీకి వెళ్ళాడు. గోడౌన్‌లో ముందు రెండు వరసల బస్తాల్లో ధాన్యం, వెనక వరసల్లో ఊక. జనవరిలోనే కనిపెట్టాడు. నాకు చెప్పాలని రెండుసార్లు క్యాబిన్ గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయాడట. మాకు ఏప్రిల్‌లో తెలిసింది, అప్పటికి మిల్లుకు తాళం పడింది. "ఎందుకు చెప్పలేదయ్యా?" అంటే తల దించుకున్నాడు తప్ప మాట్లాడలేదు.

జవాబు నాకు రిటైరైన రోజు దొరికింది. సన్మానం అయ్యాక మా అటెండరు సంచీలో దండలు సర్దుతూ అన్నాడు: "సార్, మీరు కళ్ళజోడు తీసి టేబుల్ మీద టక్కున పెడితే ఇక ఆ రోజుకు మేమెవరం నోరు విప్పేవాళ్ళం కాదు. తెలుసా మీకు?" తెలియదు. ఎనిమిదేళ్ళు ఆ చప్పుడు బ్రాంచిలో అందరికీ తెలుసు, నాకు తప్ప. ఇంటికొచ్చి గుర్తు చేసుకున్నాను. ఆరింటి ఫోన్ పెట్టేశాక నేను చేసే మొదటి పని అదే.

గోదావరిగట్టు గారూ, మీ ప్లాంట్ హెడ్ సంగతి నాకు తెలియదు. నా సంగతి మటుకు ఇదీ.

మాదాపూర్‌పాతకాపు

పెద్ద ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది, ఎవరూ ఎత్తలేదేం? 2009 జనవరి 7. అప్పుడు నేను మాదాపూర్‌లో వేరే కంపెనీలో ఉన్నాను. మధ్యాహ్నం ఆఫీసు ఆఫీసంతా టీవీల ముందు నిలబడిపోయింది. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు తన బోర్డుకు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఉంది. అంతకుముందు సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికానికి 649 కోట్ల నిర్వహణ లాభం చూపిస్తే, నిజంగా వచ్చింది 61 కోట్లు.

ఆ అంకెలకన్నా నాకు మనసులో నిలిచిపోయింది ఆయన చెప్పుకున్న కారణం. మొదట్లో తేడా కొద్దిగానే ఉండేదట, ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగింది. ప్రమోటర్ల, అంటే కంపెనీ పెట్టినవాళ్ళ వాటా తక్కువ కాబట్టి ఫలితాలు బాగా లేకపోతే కంపెనీని వేరెవరైనా చేజిక్కించుకుంటారని, అప్పుడు గుట్టు బయటపడుతుందని ఆందోళన. పులి మీద ఎక్కి, అది తినేయకుండా దిగడం ఎలాగో తెలియని పరిస్థితి అని ఆయనే రాశారు.

ఉత్తరం బయటికొచ్చే రోజు దాకా ఆయనలో భయం ఉందని ఎవరైనా ఊహించామా? బయటికి కనిపించింది ఆత్మవిశ్వాసం, అవార్డులు, ప్రతి త్రైమాసికం పెరిగే లాభం. సుమారు 50,000 మంది ఉద్యోగులు. నా రూమ్మేట్ వాళ్ళలో ఒకడు. ఆ రాత్రి వాడు బ్యాంకు ఖాతా తెరిచి నెలవారీ కంతులన్నీ ఒక కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాడు.

గోదావరిగట్టు

ఆ ఉత్తరం రాసింది ఎవరు? తప్పు చేసిన మనిషే. తన తప్పుకు తాను చెప్పుకున్న కారణాన్ని మనం మనస్తత్వ శాస్త్రంలా చదువుతున్నాం. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి, రాజుగారికి ఏడేళ్ళ జైలు వేసింది. వాళ్ళు అప్పీలుకు వెళ్ళారు, అది వేరే సంగతి. తేడా కొద్దిగా ఉన్నప్పుడే చెప్పేయడానికి ఆయనకు అడ్డేముంది? భయం ఉన్న ప్రతివాడూ లెక్కలు మార్చడు. మీ రూమ్మేట్ కూడా ఆ రాత్రి భయపడ్డాడు. ఆయన ఎవరినీ ముంచలేదే!

మాదాపూర్‌పాతకాపు

ముంచలేదు, నిజమే. అలాగని ఆయన్ని వెనకేసుకు రావడానికి రాయలేదు. పై కుర్చీలో ఉన్నవాడి భయం పైకి భయంలా కనిపించదు, ధీమాలా కనిపిస్తుంది. అందుకే దాన్ని ఎవరూ పట్టుకోలేరు. నేను చెప్పాలనుకున్నది అది.

నైట్‌డ్యూటీ

నేను నర్సుని. ఈ చర్చంతా పైవాళ్ళ భయం చుట్టూ తిరుగుతోంది. కిందకి దిగాక ఆ భయం ఏమవుతుందో రాస్తాను.

కొన్నేళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో మెడికల్ వార్డులో చేసేదాన్ని. మా ఇన్‌ఛార్జి సిస్టర్‌కు పొరపాట్ల రిజిస్టర్ ఖాళీగా ఉండాలి. నెలాఖరు మీటింగ్‌లో "మా వార్డులో సున్నా" అని చెప్పుకోవడం ఆమెకు ఊపిరి. ఒక రాత్రి ఇద్దరం ఉండాల్సిన చోట నేనొక్కదాన్నే. ఒక పెద్దాయనకు ఇన్సులిన్ ఆరు యూనిట్లు ఇవ్వాలి, పక్క మంచం ఆయన మందుల షీటు చూసి పది ఇచ్చాను. సిరంజి ట్రేలో పెడుతుండగానే తెలిసిపోయింది. డ్యూటీ డాక్టర్‌కు చెప్పాను, ఆయన చెప్పినట్టు గ్లూకోజ్ పెట్టాం. తెల్లారేదాకా గంటకోసారి వేలు గుచ్చి షుగర్ చూస్తూ ఆ మంచం పక్కనే స్టూల్ మీద కూర్చున్నాను. పెద్దాయన క్షేమం. పొద్దున్నే టీ కావాలని అడిగారు.

రిజిస్టర్‌లో రాయలేదు. రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు, అంతకుముందు రాసిన అమ్మాయిని అందరి ముందూ నిలబెట్టారు. రెండు నెలల తర్వాత అదే రెండు మంచాల దగ్గర, ఒకేలా కనిపించే అవే షీట్ల వల్ల, ఇంకో సిస్టర్ అదే పొరపాటు చేసింది. నేను రాసి ఉంటే షీట్ల రంగు మార్చేవాళ్ళు. ఇన్నేళ్ళయినా అది నన్ను వదల్లేదు.

తర్వాత ఒక శిక్షణలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే హార్వర్డ్ ఆచార్యురాలి పరిశోధన గురించి చెప్పారు. 1990లలో ఆమె ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పనిచేసింది. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కల్లో అక్కడే ఎక్కువ కనిపించాయట. వాళ్ళు ఎక్కువ తప్పులు చేసి కాదు, చేసినవి దాచకుండా చెప్పుకోగలగడం వల్ల. అది వింటుంటే నాకు మా ఖాళీ రిజిస్టరే కళ్ళముందు కదిలింది.

గోదావరిగట్టు గారూ, మా సిస్టర్‌ను నేను క్షమించలేదు. కానీ ఆమె నన్ను చూసి భయపడలేదు, తన పై అధికారి మేట్రన్‌ను చూసి భయపడింది. మేట్రన్ ఎవరిని చూసి భయపడిందో నాకు తెలియదు.

విమానాలరాముడు

"కిందవాళ్ళు ధైర్యంగా చెప్పాలి" అని ఎవరైనా రాయబోతుంటే ఆగండి. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది పోయారు, ఎనిమిది మంది మిగిలారు. దిగడం ఆపి మళ్ళీ పైకి లేపమని కో-పైలట్ పదేపదే అన్నాడు. కాక్‌పిట్ రికార్డులో ఉంది. కెప్టెన్ ఆపలేదు. చెప్పడం ఒక్కటే చాలదు.

రిటైర్డ్‌బ్యాంకరు

నర్సమ్మా, మీ రిజిస్టర్ సంగతి చదివాక మా ఫీల్డాఫీసరుకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఆయనా రిటైరయ్యారు. "ఆ రోజు మీరు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయింది నా వల్లే" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇప్పుడెందుకు లెండి సార్" అన్నారు. ఆ "లెండి"లో ఎంత ఉందో నాకు తెలుసు.

కొత్తలీడ్

నాలుగు రోజులుగా అందరివీ చదువుతున్నాను. నిన్న పొద్దున కాల్‌లో చెప్పేశాను: "సోమవారం నువ్వు అడిగినదానికి నాకు జవాబు తెలియదు. అందుకే కసిరాను. తప్పు నాది. ఇవాళ సాయంత్రం ఇద్దరం కూర్చుని చూద్దాం." నా గొంతు వణకడం నాకే వినిపించింది.

సాయంత్రం కూర్చున్నాం. పది నిమిషాలయ్యాక ఆ అబ్బాయి, "మేడమ్, ఇంకోటి చెప్పాలి" అన్నాడు. మేం శుక్రవారం విడుదల చేయాల్సిన దాంట్లో తన కోడ్‌లో ఒక తప్పు ఉందట. రెండు వారాల కిందటే చూశాడట. ఆ సెట్టింగ్ గురించి అడిగింది దాని కోసమే. అంటే సోమవారం నేను నోరు మూయించింది ఆ మాటనే!

రేపు తొమ్మిదిన్నరకు డెలివరీ మేనేజర్‌తో కాల్. విడుదల ఆలస్యమవుతుందని చెప్పాలి. కడుపులో మళ్ళీ అదే దడ.

గోదావరిగట్టు

ఆ కాల్‌లో "ఎవరి తప్పు?" అని అడుగుతారు. మీరేం చెప్పారో వచ్చి రాయండి. నాకు కావలసింది అదే.

కొత్తలీడ్

అడిగారు. "కోడ్ రివ్యూ చేసి ఓకే చేసింది నేను సార్" అన్నాను. అది నిజమే కూడా. ఆ అబ్బాయి పేరు ఎత్తలేదు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అప్రైజల్‌లో చూద్దాం" అన్నారు. లైన్ కట్ కాకముందే ఆయన వెనక ఇంకో ఫోన్ మోగడం వినిపించింది.

గోదావరిగట్టు

ఆ ఫోన్ ఎవరిదో నాకనవసరం. ఆయన "అప్రైజల్" అన్న మాట ఎందుకు వాడారో మీకూ తెలుసు, నాకూ తెలుసు, నా వాదన మార్చుకోను. కానీ మా ప్లాంట్ హెడ్ కింద పనిచేసిన పదహారేళ్ళలో ఒక్కసారైనా ఎవరైనా ఆడిటర్ ముందు "సంతకం పెట్టింది నేను" అనడం వినలేదు. ఆ కుర్రాడికి మీరు ఏం చెప్పారో తెలిసిందా?