మొదటి సైకోసిస్ తర్వాత తమ్ముణ్ణి నడకకు ఒప్పించడం ఎలా?

గుంటూరు అక్క:
మా తమ్ముడికి 22 ఏళ్లు. వీధిలో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని భయపడుతుంటే వైద్యునికి చూపించాము. సైకోసిస్ (లేనివి ఉన్నట్టు గట్టిగా నమ్మే, అనిపించే మానసిక జబ్బు) తొలి దశ అని చెప్పి ఓలాంజపిన్ అనే మందు రాశారు. భయాలు చాలావరకు తగ్గాయి గానీ, 4 నెలల్లో 9 కిలోలు పెరిగాడు. కాలేజీ జట్టులో కబడ్డీ ఆడినవాడు ఇప్పుడు పదకొండింటికి లేచి, మంచం అంచున ఫోను పట్టుకొని కూర్చుంటున్నాడు. నాన్నగారు బద్ధకమని కేకలేస్తే గది తలుపు వేసుకుంటున్నాడు. నొప్పించకుండా నడిపించే మార్గం ఏదైనా ఉందా?

మానసిక విభాగం నర్సు:
అది బద్ధకం కాదమ్మా. పని మొదలుపెట్టే చొరవను జబ్బు తగ్గిస్తుంది. మందు మత్తునూ ఆకలినీ పెంచుతుంది. మందు మాత్రం మీరుగా ఆపకండి. వేసుకునే వేళ మార్చవచ్చా, వేరే మందు కుదురుతుందా, బరువు అదుపుకు మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు అవసరమా అని డాక్టరుగారినే అడగండి. బరువు, నడుము కొలత, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించండి. సిడ్నీలోని బోండైలో, మొదటిసారి సైకోసిస్ వచ్చినవారి క్లినిక్‌లోనే నర్సు, ఆహార నిపుణులు, వ్యాయామ నిపుణులు కలిసి 12 వారాలు యువకులతో పనిచేశారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం వారి బరువు సగటున 1.8 కిలోలు పెరిగితే, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిది 7.8 కిలోలు పెరిగింది. బరువు పెరిగేదాకా ఆగకుండా మందుతోపాటే మొదలుపెట్టడం అక్కడి కిటుకని నా అభిప్రాయం. అలాగని మీకు ఆలస్యమైపోలేదు. వారానికి 150 నిమిషాల వ్యాయామం చేయాలన్న లెక్క ప్రస్తుతానికి పక్కన పెట్టి, పది నిమిషాలతో మొదలుపెట్టండి.

కరీంనగర్ నాన్న:
ఇదే జబ్బున్న మా అబ్బాయిపై నేనూ కేకలేసినవాణ్ణే. ఒకరోజు నోరు అదుపులో పెట్టుకొని, "పాల ప్యాకెట్‌కు వెళ్తున్నా, తోడొస్తావా" అన్నాను, వచ్చాడు. జనం చూస్తారని వాడికి బెరుకు కాబట్టి రాత్రి ఎనిమిది దాటాక వెనక సందులో నడిచేవాళ్లం; మొదటి రెండు వారాలు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే వెనక్కి తిరిగాము. ఒక తప్పు చేశాను: అడుగులు లెక్కపెట్టే యాప్ వాడి ఫోనులో పెట్టాను. తనపై నిఘా పెట్టారనుకొని మూడు రోజులు గది దాటలేదు. యాప్ తీసేశాక గానీ కుదుటపడలేదు. ఇప్పటికీ కొన్ని వారాలు అసలు కదలడు. అప్పుడు నేనొక్కణ్ణే వెళ్లి వస్తాను.

కోలుకుంటున్నవాణ్ణి:
జిమ్‌లో నాలుగు వైపులా అద్దాలు, ఆ పాటల హోరు నేను పది నిమిషాలు కూడా భరించలేకపోయాను. నన్ను కదిలించింది సలహాలు కాదు. వాలీబాల్‌కు ఒకడు తక్కువయ్యాడని బండేసుకొని వచ్చిన స్నేహితుడు. ఆట అయ్యేదాకా జబ్బు గురించి ఎవరూ అడగలేదు. మీ తమ్ముడితో కబడ్డీ ఆడినవాళ్లెవరూ దగ్గరలో లేరా?

గుంటూరు అక్క:
రెండు వీధుల అవతలే ఒకరున్నారండి. మొదట్లో రెండుసార్లు వస్తే, తమ్ముడు ఊళ్లో లేడని మేమే అబద్ధం చెప్పి పంపించాము. రేపు ఆ అబ్బాయికి నేనే ఫోన్ చేస్తాను.